ఫ్రీడా కాలో రెండు ఏకవ్యక్తి ప్రదర్శనలు: న్యూయార్క్, మెక్సికో నగరం

మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో తొలి ఏకవ్యక్తి ప్రదర్శన 1938 నవంబరులో న్యూయార్క్‌లోని జూలియన్ లెవీ గ్యాలరీలో జరిగింది. స్వదేశంలో అటువంటిది జరగడానికి 1953 ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది. న్యూయార్క్‌లో 25 చిత్రాలు ఉంచగా సుమారు సగం అమ్ముడుపోయాయి. అయితే కేటలాగు వ్యాసంలో ఫ్రెంచి రచయిత ఆంద్రే బ్రెటన్ ఆమెను అధివాస్తవికుల (కలలనూ అంతశ్చేతననూ చిత్రించే సర్రియలిస్టుల) వరుసలో నిలబెట్టాడు, పత్రికలు ఎక్కువగా ప్రసిద్ధ చిత్రకారుడు డియెగో రివేరా భార్యగానే పరిచయం చేశాయి. స్నానపు తొట్టిలో ఆమె తన పాదాల ఎదుట జీవితమంతటినీ తేలించిన చిత్రంలోని అస్తిత్వం ఈ రెండు ముద్రల చాటుకు పోయింది.

దేహమే వస్తువైన కళకు మెక్సికో ప్రదర్శనే తగిన వేదిక అని నా అభిప్రాయం. ఛాయాచిత్రకారిణి లోలా అల్వారెజ్ బ్రావో తన గ్యాలరీలో దాన్ని ఏర్పాటు చేసింది. కదలవద్దని వైద్యులు చెప్పినందున కాలో తన మంచాన్ని ముందుగా అక్కడికి పంపించి, అంబులెన్సులో వచ్చి, నిండుగా అలంకరించుకుని, దానిపై పడుకునే అతిథులను పలకరించింది. అందువల్ల గోడల మీద చిత్రించిన దేహమూ, 1925 నాటి బస్సు ప్రమాదం నుంచి నొప్పిని మోస్తున్న అసలు దేహమూ చూపరులకు ఒకే గదిలో ఎదురయ్యాయి. ఇందులో నాటకీయత లేదని అనలేం (ఆమెకు అది ఇష్టమే). కానీ నొప్పి నటన కాదు, అదే ఏడాది ఆగస్టులో ఆమె కుడికాలిని మోకాలి కింద తొలగించారు.