అవుట్‌బోర్డ్ ఇంజన్ వెనక నీటిధార: గౌతమి పాయల్లో ఏళ్లతరబడి వాడాక

పడవ వెనక తగిలించే ఈ పది హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్ ఎంత బరువుంటుందో, ఎంత పెట్రోలు తాగుతుందో కొనబోయేవాళ్లందరికీ ముందే తెలుసు. ఎదుర్లంక దిగువ పాయల్లో చెరువులకు రొయ్యల మేత మోస్తూ ఏళ్లుగా తిరుగుతున్నాను. ఈ ఇంజన్‌లో నాకు ముద్దొచ్చేది ఒక్కటే: నడుస్తున్నంతసేపూ మూత కింది చిన్న రంధ్రం నుంచి చిమ్మే నీటిధార.

కింది జల్లెడ గుండా నది నీటినే పీల్చుకుని, పంపులోని ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం దాన్ని పైకి తోస్తుంది. అది ఇంజన్‌ను చల్లబరిచి, పడవను తోసే పంకా దగ్గర బయటికి పోతుంది. పంపు తోసిన నీటిలో కొంచెం ఈ రంధ్రం నుంచి వస్తుంది. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే చాలు, పంపు పని చేస్తోందో లేదో తెలిసిపోతుంది. గుర్రపుడెక్క వేళ్లో, ప్లాస్టిక్ సంచో జల్లెడకు చుట్టుకున్న ప్రతిసారీ ధారే ముందు చెప్పింది. ఎర్రనీరు వచ్చే రోజుల్లో రంధ్రంలోనే ఒండ్రు పేరుకుంటుంది. సన్నటి తీగతో పొడిస్తే పోతుంది. ఇంత చవకగా, ఇంత నమ్మకంగా జబ్బు చెప్పే ఏర్పాటు నేను వాడిన మరే యంత్రంలోనూ లేదు.

ఒక ఏడాది వరదలు తగ్గాక ధార సన్నబడింది. తీగ పెట్టినా లాభం లేకపోయింది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అసలే రాదు, వేగం పెంచితే కాస్త వస్తుంది. ఇది ఇంపెల్లర్ అరుగుదల లక్షణం. ఇసుక మేటల మీదుగా పోయే పడవలకు తప్పని ఖర్చే. పట్నంలో ఒక దుకాణం వాళ్లు విప్పి చూస్తే, రబ్బరు రెక్కల్లో ఒకటి మొదలంటా విరిగిపోయి ఉంది. కొత్తది వేశారు. విరిగిన ముక్క ఏదని అడిగాను. ‘‘నీళ్లతో పాటే కొట్టుకుపోయి ఉంటుందండి’’ అన్నారు. ధార మళ్లీ జోరుగా వచ్చింది. మునుపటికన్నా జోరుగా వస్తోందని ఇంట్లో చెప్పి సంతోషించాను కూడా.

ఆ చలికాలంలో మేత బస్తాలు వేసుకుని, సముద్రం వైపు తీసే పాటుకు ఎదురుగా పోతుంటే, నడి పాయలో ఇంజన్ వేడెక్కిందని చెప్పే బజర్ మోగింది. ఇంజన్ తనంతట తానే వేగం తగ్గించుకుంది. నా వెంట ఉన్న మేనల్లుడు వెనక్కి చూసి, ‘‘ధార బ్రహ్మాండంగా వస్తోంది కదా మామయ్యా, బజరే పాడైనట్లుంది’’ అన్నాడు. ధార కింద చేయి పెట్టాను. నది నీళ్లలాగే చల్లగా ఉంది. ఇంజన్ ఆపి, లంగరు వేసి, మూత తీసి, ఇంజన్‌లో బాగా వేడెక్కే సిలిండర్ హెడ్డు మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని ఆవిరైపోయాయి. కాబట్టి బజర్ అబద్ధం చెప్పడం లేదు. పూర్తిగా చల్లారాక నెమ్మదిగా నడిపితే మోగలేదు, వేగం పెంచిన కొద్దిసేపటికే మళ్లీ మోగింది. పంపు నీళ్లు ఇస్తోంది, కానీ ఆ నీళ్లు వేడి ఉన్న చోటికి చేరడం లేదు. అయితే వేడెక్కితే తెరుచుకుని నీళ్లు వదిలే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదంటే దానికి పోయే దారి. ఆ లెక్కతోనే మెల్లగా రేవు చేరాం.

కాకినాడలో ఒక మెకానిక్ ముందుగా థర్మోస్టాట్ తీసి వేడినీళ్ల గిన్నెలో వేశాడు. శుభ్రంగా తెరుచుకుంది. దాని చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుంది తప్ప చెడిపోలేదు. అప్పుడు హెడ్డుకు నీళ్లు పోయే దారిలో తీగ దూర్చి లాగితే, నల్లటి రబ్బరు ముక్క బయటపడింది. దుకాణం వాళ్ల లెక్కలో కొట్టుకుపోయిన రెక్క అదే. నా ఇంజన్‌లో ధారకు పోయే గొట్టం ఆ దారికి ముందే చీలుతుంది. అటు అడ్డం పడేసరికి నీళ్లు ఇటు మళ్లాయి. నేను సంబరపడిన జోరు అదీ.

ఇంపెల్లర్ మార్పిస్తే పాతదాని రెక్కలు లెక్కపెట్టించండి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా ఇంజన్ ఇంటికి తెచ్చుకోవద్దు. ధార సన్నబడితే ఎంత అనుమానిస్తామో, ఉన్నట్టుండి బలిస్తే కూడా అంతే అనుమానించాలి. అది పంపు కబురు చెబుతుంది, హెడ్డు కబురు బజర్‌కే తెలుసు. వేరే కంపెనీల ఇంజన్లలో గొట్టం ఇంకో చోట చీలవచ్చు, కాబట్టి మీ ఇంజన్ పుస్తకం చూసుకోండి. వేసవిలో పోటుతో ఉప్పునీరు మా పాయలోకి బాగా ఎక్కి వస్తుంది. అందుకే పడవ గట్టెక్కగానే డ్రమ్ములో మంచినీళ్లు పోసి ఇంజన్ కాసేపు నడుపుతాను. ధవళేశ్వరం ఎగువన వాడేవాళ్లకు ఈ ఉప్పు బెడద ఉండదు, ఒండ్రు మాత్రం ఉంటుంది.

మా రేవులో గాలికి చల్లబడే డీజిల్ ఇంజన్లు వాడేవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. వాళ్లకు పంపూ లేదు, ధారా లేదు, ఈ బాధలూ లేవు. బస్తాలు మోయడానికే అయితే నేనూ అదే కొనేవాణ్ని. కానీ యానాం ఆస్పత్రికి మా అమ్మను తీసుకెళ్లేది ఈ పడవలోనే, ఆవిడ ఆ డీజిల్ చప్పుడు భరించలేదు. విడిభాగాలు కాకినాడలో దొరుకుతున్నంతకాలం నాకు ఇదే నయం. మొగ దాటి సముద్రంలో వేటకు వెళ్లేవాళ్లు మాత్రం నా మాట మీద కొనవద్దు. భైరవపాలెం దాటి నేను దీన్ని నడపలేదు.