కుటుంబంతో కలిసి చేసే ఆటిజం థెరపీ: ఐదేళ్ల తర్వాత నా సమీక్ష

మా బాబుకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. మొదటి ఏడాది ఒక థెరపీ సెంటర్‌కి తిప్పాం. ఆ తర్వాత ఐదేళ్లుగా ఇంటిల్లిపాదికీ నేర్పించి, వాడి రోజులోనే థెరపీని కలిపే పద్ధతిలో ఉన్నాం. మాది హన్మకొండ. ఇంట్లో నేను, మా ఆయన, అత్తమ్మ, మామయ్య, వాడికంటే మూడేళ్లు పెద్దదైన మా పాప. థెరపిస్ట్ హైదరాబాద్‌లో ఉంటారు. నెలకోసారి వెళ్తాం, మధ్యలో ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడతాం.

ఆ మొదటి ఏడాది సంగతి ముందు చెప్పాలి. వారానికి మూడు రోజులు, రోజుకి 45 నిమిషాలు. బాబుని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేవారు. నేను బయట కుర్చీలో కూర్చునేదాన్ని. బయటికి వచ్చాక నోట్‌బుక్‌లో 'ఈ రోజు బాగా చేశాడు' అని రాసి ఇచ్చేవారు. ఏం చేశాడో, ఇంట్లో నేనేం చేయాలో అందులో ఉండేది కాదు. ఇంకో మాట కూడా చెప్పారు: "రెండు భాషలైతే కన్ఫ్యూజ్ అవుతాడు, ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి." మా అత్తమ్మకి ఇంగ్లిష్ రాదు. తన వల్ల మనవడికి మాటలు ఆగిపోతాయేమోనని ఆమె వాడితో మాట్లాడటమే మానేశారు. అన్నం కలిపి, నోట్లో పెట్టి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయేవారు. దాదాపు ఏడాది అలాగే గడిచింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు బాధ ఆగదు.

కొత్త థెరపిస్ట్ మొదటి రోజు రెండు గంటలు కూర్చున్నారు. బాబుని పరీక్షించే ముందు మమ్మల్ని అడిగారు. పొద్దున వీణ్ణి ఎవరు లేపుతారు, అన్నం ఎవరు తినిపిస్తారు, రోజులో మీకు అన్నిటికంటే కష్టమైన సమయం ఏది అని. మిక్సీ వేసినప్పుడల్లా చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటాడని చెప్పాను. మా మొదటి గోల్ అదే అయింది. రంగుల పేర్లు, ఏ బీ సీ డీలు తర్వాత చూద్దాం అన్నారు. మిక్సీ వేసేముందు వాడికి జార్ చూపించి, 'మిక్సీ' అని చెప్పి, మూడు వేళ్లు లెక్కపెట్టి, అప్పుడు స్విచ్ వేయాలి. కావాలంటే వాడు పక్క గదికి వెళ్లొచ్చు. ఇంట్లో ఎవరు మిక్సీ వేసినా ఇదే పద్ధతి. సుమారు రెండు నెలలకి, జార్ చూడగానే వాడే చెవులు మూసుకుని నడుచుకుంటూ వెళ్లడం మొదలుపెట్టాడు. తల కొట్టుకోవడం తగ్గింది.

భాష గురించి ఆవిడ మాట సూటిగా ఉంది. "మీరంతా ఏ భాషలో మాట్లాడుకుంటారో వాడితోనూ అందులోనే మాట్లాడండమ్మా." రెండు భాషలున్న ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లలకి ఆ కారణంగా మాట ఇంకా వెనకబడినట్టు పరిశోధనల్లో కనిపించలేదని వివరించారు. నేను ఇంటికొచ్చి అత్తమ్మకి చెబితే ఆమె ఏడ్చేశారు. మర్నాటి నుంచి మళ్లీ కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ తినిపించడం మొదలుపెట్టారు. థెరపిస్ట్ నేర్పింది ఒక్కటే: 'పిచ్చుక...' అని ఆగి, పది లెక్కపెట్టేదాకా వాడి ముఖం చూస్తూ ఉండటం. వాడు మొదట అన్న మాట 'అమ్మ' కాదు, నాన్నమ్మతో అన్న 'ముద్ద'. అప్పటికి వాడికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు.

నాకు ఎక్కువగా పనికొచ్చింది వీడియో. నేను బాబుతో పది నిమిషాలు ఆడుతుంటే మా ఆయన ఫోన్‌లో తీసేవారు, తర్వాత థెరపిస్ట్‌తో కలిసి చూసేదాన్ని. మొదటి వీడియోలో నేను ఆపకుండా ప్రశ్నలే వేస్తున్నాను: ఇదేంటి, ఏ కలర్, చెప్పు చెప్పు. మధ్యలో వాడు స్టీలు డబ్బా మూత తిప్పి, ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను ఆ చూపు గమనించలేదు. ఆవిడ అక్కడ వీడియో ఆపి ఏమీ అనలేదు, నన్నే చూడనిచ్చారు. ఆ రోజు నుంచి మూతలతోనే ఆడాను. ఇలా తల్లిదండ్రుల వీడియోలు చూపించి నేర్పే పద్ధతిని గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 కుటుంబాలతో పరీక్షించారు, ఫలితాలు 2016లో వచ్చాయి. నేర్పినవాళ్లు స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లిదండ్రులు పిల్లల్ని గమనించి స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. మా ఇంట్లో నేను చూసింది కూడా అదే.

ఇక నాకున్న ఫిర్యాదు. పేరుకి ఇది కుటుంబం కేంద్రంగా చేసే పద్ధతి. మొదటి రెండేళ్లు మా ఇంట్లో అది తల్లి కేంద్రంగానే నడిచింది. రోజూ నింపాల్సిన షీట్లు నావే, పిక్చర్ కార్డులు కత్తిరించేది నేనే, కాల్‌లో కూర్చునేదీ నేనే. ఒక వారం షీట్ నింపకపోతే బాబుకి అన్యాయం చేశాననే టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. మూడో ఏడు ఒంట్లో బాగాలేక రెండు నెలలు అన్నీ ఆపేశాను. ఆ మాట థెరపిస్ట్‌కి చెప్పడానికి చాలా భయపడ్డాను. ఆవిడ తప్పు పట్టలేదు. షీట్లు తీసేసి, తర్వాతి సెషన్‌కి మా ఆయన్నీ మామయ్యనీ రమ్మన్నారు, నన్ను రావద్దన్నారు. ఆ పని మొదటి నెలలోనే జరగాల్సింది అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు పనులు పంచుకున్నాం. కిరాణా కొట్టుకి తీసుకెళ్లి, ఫొటో చూపించి సరుకు అడిగించడం మా ఆయన పని. సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడకకి మామయ్య తీసుకెళ్తారు. పిక్చర్ కార్డుల్లో కొనుక్కొచ్చిన బొమ్మలు తీసేసి, మా ఇంటి గ్లాసు, మా ఇంటి చెప్పులు, మామయ్య చేతికర్ర ఫొటోలు పెట్టాక వాడకం బాగా పెరిగింది. మా పాపకి ఏ పనీ అప్పగించలేదు. దానికి విడిగా అరగంట సెషన్ ఇచ్చారు. "నా ఫ్రెండ్స్ వచ్చినప్పుడు తమ్ముడు అరిస్తే ఏం చెప్పాలి?" అని అడిగిందట. అన్నాళ్లు ఆ ప్రశ్న దాని మనసులో ఉందని మాకెవరికీ తెలియదు.

దీనివల్ల మారనివి కూడా ఉన్నాయి. వాడికి ఇప్పటికీ రెండు మూడు మాటల వాక్యాలే వస్తాయి. నిద్ర కష్టంగానే ఉంది. స్కూలు విషయంలో ఈ పద్ధతి మాకు పెద్దగా ఉపయోగపడలేదు. ఒక ప్రైవేటు స్కూలు ఏడాది మధ్యలో తీసుకెళ్లిపోమంది, ఇప్పుడున్న స్కూలు మేం వెతుక్కున్నదే. చుట్టాలు స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స గురించి చెప్పినప్పుడు మాత్రం థెరపిస్ట్ స్పష్టంగా వద్దన్నారు. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా ఆస్పత్రిలో ఉండే డీఈఐసీలో, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో, ముందు అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదలలో వెనకబడిన రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని చూసుకునేవాళ్ల కోసం తయారుచేసిన శిక్షణలో తొమ్మిది గ్రూప్ సెషన్లు, మూడుసార్లు ఇంటికి రావడం ఉంటాయి. వైకల్య సర్టిఫికెట్ (తెలంగాణలో ఇదివరకు సదరం, ఇప్పుడు యూడీఐడీ) తప్పక తీసుకోండి, వైకల్యం ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా కూడా. లక్ష రూపాయల దాకా కవర్ ఉంటుంది, థెరపీకీ కొంత వస్తుంది. సర్టిఫికెట్ కోసం ఆటిజం తీవ్రతని కొలిచే ఐఎస్ఏఏ పరీక్షలో 40 అంశాలుంటాయి, చాలావాటికి ఇంట్లోవాళ్లే జవాబు చెప్పాలి. మేం అత్తమ్మని వెంట తీసుకెళ్లాం. వాడు దేనికి భయపడతాడో, ఏ ముద్ద మింగడో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

వచ్చే జూన్‌లో బాబుకి పదేళ్లు నిండుతాయి. స్నానం తనంతట తాను చేయడం ఇప్పటి గోల్. పెద్దవాడవుతున్నాడు, ఇది మగవాళ్లు నేర్పితే బాగుంటుందని మామయ్యే ముందుకొచ్చారు. బాత్రూం గోడకి ఫొటోలు వరసగా అంటించారు: చెంబు, సబ్బు, తువ్వాలు. ప్రస్తుతం సబ్బు దగ్గర ఉన్నారు.