మూడేళ్లు వాడాక: కంప్యూటర్‌లో ఫ్రీ డిష్, ఆ గళ్ల గొడవ

గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద 60 సెంటీమీటర్ల డిష్. కింద హాల్లో టీవీ వెనక సెకండ్ హ్యాండ్ మినీ పీసీ, దానికి డిష్ సిగ్నల్ పట్టే యూఎస్‌బీ ట్యూనర్ (డీవీబీ-ఎస్2 రకం). లినక్స్ మీద ఛానళ్లు అందుకుని రికార్డ్ చేసే టీవీహెడెండ్ సాఫ్ట్‌వేర్, బొమ్మ చూడ్డానికి కోడి (Kodi) అనే ప్లేయర్. 2022 నుంచి ఇదే సరంజామా. డీడీ ఫ్రీ డిష్‌లో దూరదర్శన్ ఛానళ్లకు తాళం ఉండదు కాబట్టి నెలనెలా రీఛార్జ్ బాధ లేదు. నాన్నగారికి సప్తగిరి, నాకు రికార్డింగ్.

మొదటి ఏడాది మాత్రం బాగా తిట్లు తిన్నాను. సరిగ్గా వార్తల వేళకి బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయేది, మాట మధ్యలో మింగేసేది. "ఒరేయ్, బాక్సులో శుభ్రంగా వచ్చేది కదరా, దీన్నెందుకు తెచ్చిపెట్టావు?" అనేవారు నాన్నగారు. నిజమే, అదే డిష్‌కి పాత సెట్‌టాప్ బాక్స్ తగిలిస్తే ఇంత గొడవ లేదు. తప్పంతా సాఫ్ట్‌వేర్‌దే అనుకుని రెండు నెలలు డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. దండగ.

డిష్ బిగించే అబ్బాయిని పిలిస్తే "బూస్టర్ పెట్టించేయండి సార్" అన్నాడు. పెట్టించాను. సిగ్నల్ గీత బారెడు పెరిగింది, గళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. బూస్టర్ సిగ్నల్‌తో పాటు నాయిస్‌నీ పెంచుతుంది మరి. టీవీహెడెండ్ స్టేటస్‌లో చూసుకోవాల్సింది ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్ కన్నా సిగ్నల్ ఎంత ఎక్కువుందో చెప్పే అంకె), ఇంకా పాడయ్యాక దిద్దలేకపోయిన డేటా ముక్కల, అంటే బ్లాకుల లెక్క. నాకు ఎస్‌ఎన్‌ఆర్ 8 డెసిబెల్ (డీబీ) దగ్గర ఊగుతుండేది.

ఒక ఆదివారం పొద్దున్నే, ఎండెక్కక ముందే డాబా ఎక్కాను. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. గుంటూరుకి అది ఆగ్నేయంలో, ఉత్తరం నుంచి సుమారు 140 డిగ్రీల దిక్కున, 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు కాబట్టి పక్క అపార్ట్‌మెంట్ అడ్డం రాదు. డిష్ దిశ బాగానే ఉంది, ఎల్‌ఎన్‌బీని, అంటే డిష్ ముందు సిగ్నల్ పట్టే డబ్బాని మాత్రం నిటారుగా బిగించేశాడు. ఉపగ్రహం మనకు తూర్పుకి జరిగి ఉంది కాబట్టి ఎల్‌ఎన్‌బీని కూడా పక్కకి తిప్పాలి. మా ఆవిడ కింద ఫోన్‌లో అంకెలు చదువుతుంటే కొద్దికొద్దిగా తిప్పాను, డీబీన్నర పెరిగింది. కేబుల్ చివరి ఎఫ్ కనెక్టర్ విప్పితే లోపల రాగికి కిలుము, అల్లిక జడలోంచి ఒక వెంట్రుకంత తీగ మధ్య తీగని తాకుతోంది. ఇరవై రూపాయల కనెక్టర్లు కొత్తవి వేసి, ఆర్‌జీ-6 కేబుల్‌ని గోడలోకి దూరే ముందు కిందికి ఒక చుట్టు వదిలాను, వాన నీరు అక్కడే జారిపోవడానికి. బూస్టర్ తీసేశాను. ఎస్‌ఎన్‌ఆర్ 11 డీబీ దాటింది.

అయినా వార్తలప్పుడు గళ్లు! అసలు దొంగ దొరకడానికి ఇంకో నెల పట్టింది. ఆ వేళకి రోజూ నా రికార్డింగ్ నడుస్తుంది. రికార్డింగ్ వెళ్లేది ట్యూనర్ పక్క పోర్టుకే తగిలించిన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్‌లోకి. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు రేడియో నాయిస్ చిమ్ముతుంది, పక్కనే ఉన్న వైఫై డాంగిళ్లు దెబ్బతినేది దాంతోనే. ఎల్‌ఎన్‌బీ నుంచి కిందికి దిగేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య సిగ్నల్, దానికీ అదే గతి. బాక్స్ వెనక ఏ డిస్కూ లేదు కాబట్టే దానికి ఈ రోగం రాలేదు. డిస్క్‌ని నల్ల పోర్టుకి, అంటే యూఎస్‌బీ 2కి మార్చాను. గంట ఛానల్ ఒక జీబీ పైచిలుకు, దానికి ఆ వేగం బోలెడు. ట్యూనర్‌ని మీటరు ఎక్స్‌టెన్షన్‌తో దూరంగా పెట్టాను. బ్లాకుల లెక్క సున్నా దగ్గర ఆగిపోయింది. పైసా ఖర్చు లేని పని ఆఖరికి మిగిలిందన్నమాట!

ట్యూనర్ విషయానికొస్తే, మేలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, చిన్న ఫ్యాన్ పెట్టాక హ్యాంగ్ అవడం మానేసింది. జడివానకి కాసేపు సిగ్నల్ పోతుంది, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. మార్చి రెండో వారంలో, సెప్టెంబరు చివర్లో పగలు పదకొండు ప్రాంతంలో కొన్ని నిమిషాలు పోతే డిష్ జోలికి వెళ్లకండి. సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చే వేళ అది. తెలియక నేనోసారి ఎండలో స్పానర్ పట్టుకుని ఎక్కాను.

నాన్నగారు ఇప్పుడు బాక్స్ ఊసెత్తడం లేదు. రిమోట్ ఊసే, ఛానల్ నంబర్లు పాతవి కావట అవి.