నాటుకోడి పులుసు ముందు మూడు బెల్జియం బీర్లు: ఏది మేలు?

మా బావ బ్రస్సెల్స్ నుంచి అనంతపురం వస్తూ ఆరు చిన్న సీసాలు తెచ్చాడు. ఒక్కోటి 330 మి.లీ. విమానంలో వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది రెండు లీటర్లే కాబట్టి లెక్కగట్టి కొన్నాడు: డూవెల్ రెండు, లా షూఫ్ రెండు, రోష్‌ఫోర్ 10 రెండు. మూడూ స్ట్రాంగ్ ఏల్ అనే, ఆల్కహాల్ ఎక్కువుండే బీరు రకాలే.

రాగానే ఫ్రిజ్‌లో పెట్టబోతుంటే బావ ఆపాడు. "పండబెట్టొద్దురా, నిలబెట్టు. మడ్డి అడుక్కి దిగాల." ఇవి సీసాలోనే మరోసారి పులుస్తాయి, ఆ పులియబెట్టే ఈస్టు అడుగున పేరుకుంటుంది. అందుకే రెండు రోజులు కదపకుండా ఉంచి, ఆదివారం రాత్రి మిద్దె మీద తెరిచాం.

మన దగ్గర స్ట్రాంగ్ అంటే నాలుక మొద్దుబారేంత చల్లగా చేసి గటగటా తాగేయడమే. వీటితో అలా కుదరదు. రోష్‌ఫోర్‌లో ఆల్కహాల్ 11.3 శాతం. ఆ చిన్న సీసాలో ఉండేది, 5 శాతం బీరు 650 మి.లీ. పెద్ద సీసాలో ఉండేదానికన్నా ఎక్కువ. నలుగురం పంచుకున్నాం, బండి తాళాలు ముందే అక్క చేతికిచ్చేశాం.

మొదట డూవెల్. 8.5 శాతం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన గుర్తుగా దీనికి విక్టరీ ఏల్ అని పేరు పెట్టారు, 1923 నుంచి డూవెల్ అయింది. అక్కడి యాసలో దయ్యమని అర్థం. చూడ్డానికి లేత పసుపు, పైన గడ్డపెరుగులా నిలిచే నురగ. వాసన చూస్తే చీనీకాయ తొక్క గిల్లినట్టుంది. ఇంత ఘాటున్నా నోట్లో తేలిగ్గానే ఉంటుంది, ఎందుకంటే కాచేటప్పుడు వేసే చక్కెరను ఈస్టు పూర్తిగా తినేస్తుంది. వేయించిన శెనక్కాయలతో దీనికి సాటి లేదు. పులుసు దగ్గరికొచ్చేసరికి మాత్రం చిక్కొచ్చింది. గ్యాసు, ఆల్కహాల్ రెండూ కలిసి మిరపకారం మంటను రెచ్చగొట్టాయి. రెండో గుటకకే తమ్ముడు మజ్జిగ అడిగాడు.

లా షూఫ్ 8 శాతం. ఆర్డెన్ కొండల్లోని అషూఫ్ అనే ఊళ్లో 1982లో బావాబావమరుదులిద్దరు మొదలుపెట్టిన బ్రూవరీ అది. 2006లో డూవెల్ వాళ్లే కొనేశారు. ఇందులో ధనియాలు వేస్తారు. కొంచెం తీపి, నోట్లో మెత్తగా ఉంటుంది, పులుసులోని ధనియాలపొడితో చుట్టరికం కలిసిపోయింది. సంగటి ముద్ద పులుసులో ముంచి తిన్నాక తాగితే కారం తగ్గిందనను, కానీ పెరగలేదు. భోజనంతో అయితే ఇదే, రెండో మాట లేదు.

రోష్‌ఫోర్ మఠంలో, ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల పర్యవేక్షణలో కాచేది. నీలం మూత ఉన్నది 10, వాళ్ల బీర్లలో అన్నిటికన్నా ఘాటైంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే ఏమీ అనిపించలేదు. గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నా. పావుగంటకు వాసన తెరుచుకుంది: ఖర్జూరం, ఎండుద్రాక్ష, అడుగంటిన బెల్లం పాకం. ఇంకాసేపటికి మిరియాల ఘాటు. అప్పుడే అక్క నెయ్యి రాసిన ఓళిగలు తెచ్చింది. ఒక ముక్క, ఒక గుక్క. పూర్ణంలోని బెల్లమూ బీరులోని నల్లటి తీపీ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, బీరు చివర్లోని చేదు నెయ్యిని కడిగేసింది. దీన్ని స్టీలు గ్లాసులో కూడా పోసి చూశాం. సగం వాసన పోయింది. కడుపు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉండే గాజు గ్లాసే కావాల.

మన ఎండకు లేతరంగు బీరే నప్పుతుందనుకుని కూర్చున్నవాణ్ని. ఒక్కటే ఎంచుకోమంటే ఇప్పుడు రోష్‌ఫోరే అంటా, అదీ తొమ్మిది దాటాక, మిద్దె చల్లబడ్డాక, భోజనం అయిపోయాక. పులుసుతో పాటే తాగాలనుకునేవాళ్లు లా షూఫ్ తీసుకోండి. డూవెల్ గొప్ప బీరు, కాకపోతే మా ఇంటి కారానికి కాదు.

రెండో రోష్‌ఫోర్ తెరవలేదు. ఈ రకం ఏళ్లు గడిచేకొద్దీ బాగుపడుతుంది గానీ, అనంతపురం ఎండాకాలంలో బీరువాలో పెడితే పాడే. ఫ్రిజ్ కింది అరలో, గుడ్డ చుట్టి, నిలబెట్టి ఉంచా. డిసెంబరులో బావ మళ్లీ వస్తానన్నాడు.