పింక్ డంబెల్సా, పెద్ద బరువులా: ఆడవాళ్లకు ఏది మేలు?

జిమ్‌లో చేరిన ఆడవాళ్లలో చాలామంది ట్రైనర్‌తో మొదటిరోజే చెప్పేస్తారు, "బరువులు వద్దండీ, కండలొచ్చేస్తాయి, నాకు ఒళ్లు తగ్గితే చాలు" అని. ట్రైనర్ కూడా సరేనని ట్రెడ్‌మిల్ ఎక్కిస్తాడు. తర్వాత అద్దం పక్క స్టాండులో ఉండే ఒకటి రెండు కిలోల పింక్ డంబెల్స్ చేతికిచ్చి ముప్పైసార్లు ఊపమంటాడు, దాంతో ఆ రోజు అయిపోతుంది. బార్, ప్లేట్లు, స్క్వాట్ ర్యాక్ (బరువుతో గుంజీళ్లలా కూర్చుని లేచేందుకు బార్ పెట్టే స్టాండు) ఉండే వైపు అసలు పోనే పోరు. నెలల తరబడి ఫీజు కట్టి ఇలాగే గడిపి, ఏమీ మారలేదని మానేసేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఆ భయానికి ఆధారం చాలా తక్కువ, దానివల్ల పోగొట్టుకునేది మాత్రం చాలా ఎక్కువ.

అందుకే వాకింగ్, చిన్న డంబెల్స్, పెద్ద బరువులు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నా ఓటు పెద్ద బరువులకే, ముందే చెప్పేస్తున్నా. పెద్ద బరువంటే వంద కిలోలని కాదు, ఎనిమిదో పదో సార్లు ఎత్తేసరికి ఇంకో రెండుసార్లకు మించి నా వల్ల కాదు అనిపించే బరువు. అది ఒకరికి 6 కిలోలు కావచ్చు, ఇంకొకరికి 40.

వాకింగ్ సంగతి త్వరగా తేల్చేద్దాం. కేబీఆర్ పార్కులోనో వైజాగ్ బీచ్ రోడ్డులోనో పొద్దున్నే నడిచేవాళ్లు నడవాల్సిందే, గుండెకు, బీపీకి, షుగర్‌కు, మనసుకు అన్నిటికీ మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో ఇలాంటి వ్యాయామం చేయాలని ఉంది. కానీ వారానికి కనీసం రెండు రోజులు ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నిటికీ బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని కూడా అందులోనే ఉంది, ఆడా మగా తేడా లేకుండా. మనవాళ్లు మొదటిది పట్టుకుని రెండోది వదిలేశారు. నడిస్తే చేతులకు, భుజాలకు, వీపుకు పెద్దగా పని ఉండదు. పైగా అన్నం తగ్గించి, నడక ఒక్కటే పెట్టుకుని బరువు తగ్గితే కొవ్వుతో పాటు కొంత కండ కూడా కరిగిపోతుంది, అందుకే కొంతమంది తగ్గాక నీరసంగా, వాడిపోయినట్టు కనిపిస్తారు. జుంబాది కూడా దాదాపు ఇదే కథ, సరదా ఎక్కువ, అంతే.

ఇక అసలు భయం దగ్గరికొద్దాం. బరువులెత్తితే ఆడవాళ్లు మగరాయుళ్లలా అయిపోతారా?

కండ బాగా పెరగడానికి తోడ్పడే హార్మోన్లలో ముఖ్యమైంది టెస్టోస్టిరాన్. ల్యాబ్ రిపోర్టుల్లో మగవాళ్లకు ఇది మామూలుగా డెసిలీటరు రక్తానికి 300 నుంచి 1000 నానోగ్రాముల దాకా ఉంటుంది, ఆడవాళ్లకు సుమారు 15 నుంచి 70. ఇంత తేడా ఉన్నా బరువులెత్తితే ఆడవాళ్లకు కండ పెరగదని కాదు, పెరుగుతుంది. కానీ మనం మొదలుపెట్టేదే తక్కువ కండతో, కాబట్టి పెరిగేది కూడా కొద్దికొద్దిగానే, నెలల మీద. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే ఎవరో పహిల్వాన్ కనిపించడమనేది జరగదు. ఫోన్లో చూసి భయపడే ఆ బాడీబిల్డర్ల ఫొటోల వెనక ఏళ్ల తరబడి రోజూ గంటల సాధన, గ్రాముల లెక్కన తూచుకుని తినే తిండి, పోటీ రోజుకు ఒంట్లో నీరు తగ్గించుకోవడం ఉంటాయి, కొందరి విషయంలో స్టెరాయిడ్లు కూడా. అసలు మగపిల్లలే కండల కోసం ఏళ్లకేళ్లు జిమ్‌ల చుట్టూ తిరుగుతున్నారు, వాళ్లకే అంత తేలిగ్గా రానిది వారానికి మూడు రోజులు వెళ్లే మనకు పొరపాటున ఎలా వచ్చేస్తుంది?

నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించే రుజువు వెయిట్‌లిఫ్టింగ్‌లోనే ఉంది. అక్కడ పోటీ ఒంటి బరువును బట్టి, విభాగాల వారీగా జరుగుతుంది, కాబట్టి ఎవరెంత ఎత్తారో, ఎంత బరువున్నారో రెండూ రాసి ఉంటాయి. మీరాబాయి చాను 2017లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు 48 కిలోల విభాగంలో మొత్తం 194 కిలోలు ఎత్తింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచినప్పుడు 49 కిలోల విభాగంలో 202, అంటే స్నాచ్‌లో (బార్‌ను ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 87, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, అక్కణ్నుంచి తల మీదికి) 115. తన బరువుకు రెండింతలకు మించిన ఇనుమును తల మీదికి ఎత్తింది ఆ అమ్మాయి. దాదాపు నాలుగేళ్లలో ఎత్తే బరువు 8 కిలోలు పెరిగింది, పోటీపడే విభాగం ఒక్క కిలో మారింది. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల విభాగంలో. ఆవిడ సాధనలో ఎత్తిన బరువులు మనం జిమ్‌లో కలలో కూడా ముట్టుకోం. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయినప్పుడు మాత్రం 69 కిలోల విభాగంలో ఉంది, మరి అప్పుడు పెరిగింది కదా అంటారేమో. లిఫ్టర్లు పై విభాగానికి వెళ్లాలంటే తిండి పెంచి, ఒళ్లు పెంచుకుని వెళ్తారు, ఉన్న విభాగంలోనే ఉండాలంటే తిండి అదుపులో పెట్టుకుంటారు. బార్ రెండు చోట్లా అదే. మనిషి సైజు తేలేది ఎక్కువగా కంచం దగ్గరే.

భవన నిర్మాణంలో ఇసుక తట్టలు, ఇటుకలు మోసే ఆడవాళ్లను చూడండి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బరువులే. ఒక్కరి ఒంటిమీదైనా కండలు పేరుకున్నాయా? కండకు తిండి కావాలి, విశ్రాంతి కావాలి, వాళ్లకు ఆ రెండూ సరిపోను దొరకవు. అది వేరే పెద్ద బాధ, ఇక్కడ రెండు ముక్కల్లో తీరేది కాదు.

సరే, పెద్ద బరువులంటే భయం, అందుకే చిన్న డంబెల్స్‌తో ఎక్కువసార్లు చేస్తే కండ పెరగకుండా ఒళ్లు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. ఇదే నాకు అస్సలు మింగుడుపడని వాదన. ఇక ఎత్తలేం అనే దాకా తీసుకెళ్తే, మరీ తేలికది కాకపోతే, తేలిక బరువైనా, పెద్ద బరువైనా కండ ఇంచుమించు ఒకేలా పెరుగుతుందని, బలం మాత్రం పెద్ద బరువుతోనే ఎక్కువ వస్తుందని పరిశోధనల్లో తేలింది. అంటే ఆ రెండు కిలోల డంబెల్‌ను చేతులు పట్టేసే దాకా, అరవయ్యో డెబ్బయ్యో సార్లు ఎత్తితే ఎంతో కొంత కండే వస్తుంది, బలం మాత్రం తక్కువ వస్తుంది, టైమ్ ఎక్కువ పడుతుంది, విసుగు సరేసరి. ముప్పై దగ్గర ఆపేసి, ఇంకో ముప్పై ఎత్తగలిగే ఓపిక మిగిలి ఉంటే కండకు ఏమీ తెలియదు, బట్టలకు చెమట పట్టడం తప్ప. కాబట్టి "కండ వద్దు" అని చిన్న డంబెల్ పట్టుకోవడంలో లాభమేమిటో నాకు అర్థం కాదు, అది పనిచేస్తే కండ వస్తుంది, పనిచేయకపోతే ఏదీ రాదు. ఒళ్లు గట్టిగా కనిపించడమంటే కింద కండ ఉండి, పైన కొవ్వు తగ్గడమే, దానికి ఇంకో దారి లేదు.

ఇంట్లో నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలుంటుంది, అందులో గ్యాసే 14.2. బియ్యం సంచి 25. రెండేళ్ల పిల్ల పదకొండు పన్నెండు కిలోలుంటుంది, ఆ పిల్లను చంకనేసుకుని ఇంకో చేత్తో కూర కలిపే మనిషికి జిమ్‌లో రెండు కిలోల డంబెల్ ఇస్తున్నారు!

అలాగని ఏ మార్పూ ఉండదని చెబితే అబద్ధమవుతుంది. మొదలుపెట్టిన మొదటి కొన్ని వారాలు ఒళ్లు నొప్పులుంటాయి, కండరాల్లో నీరు చేరి కాస్త ఉబ్బినట్టు ఉంటుంది, మిషన్ మీద కిలో అటూ ఇటూ పెరిగినా పెరుగుతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది "చూశావా, లావైపోతున్నా" అని మానేస్తారు. ఆకలి కూడా పెరుగుతుంది, జిమ్ నుంచి రాగానే రెండు ప్లేట్లు లాగించేస్తే కొవ్వు తగ్గకుండా దాని కిందే కండ చేరి తొడలు, చేతులు నిజంగానే లావుగా కనిపిస్తాయి. అప్పుడు తప్పు బార్‌ది కాదు. కొంతమందికి పుట్టుకతోనే కండ త్వరగా వస్తుంది, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లలో టెస్టోస్టిరాన్ కొంచెం ఎక్కువ ఉండొచ్చు. అయినా అది కూడా నెమ్మదిగా, కళ్లముందే జరిగేది కాబట్టి ఇంతకు మించి వద్దనుకుంటే బరువు పెంచకుండా ఉన్నచోటే ఆగిపోవచ్చు.

నా విషయంలో మార్పు మొదట తెలిసింది జాకెట్ల దగ్గర. టైలర్లు లోపల రెండు మూడు కుట్లు వేసి గుడ్డ వదిలిపెడతారు కదా, చేతుల దగ్గర, వీపు దగ్గర ఒక కుట్టు విప్పుకోవాల్సి వచ్చింది, నడుము దగ్గర మాత్రం ఒక కుట్టు ఎక్కువ వేయించుకోవాల్సి వచ్చింది. బల్కీగా, అంటే కండలు తిరిగి లావుగా అయిపోతామని భయపడేదంతా నా వరకు ఆ ఒక్క కుట్టంత. మా ఆడపడుచు "వదినా, చేతులు మగాళ్లలా అయిపోతాయేమోనే" అని అడిగినప్పుడు ఆ జాకెట్టే తీసి చూపించాను.

చూడ్డానికి ఎలా ఉంటామన్నది పక్కనపెట్టినా ఎముకల కోసమైనా బరువులెత్తాలి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి, మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా పలచబడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉన్నాయి. నలభై కూడా నిండకుండా ఆపరేషన్ అయిపోయినవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, అండాశయాలు కూడా తీసేస్తే వాళ్ల ఎముకలకు ఆ దెబ్బ ఇంకా ముందే తగులుతుంది. ఆస్ట్రేలియాలో చేసి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, నెలసరి ఆగిపోయి ఎముకలు పలచబడిన, సగటున 65 ఏళ్లున్న ఆడవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు నిపుణుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేవడం), స్క్వాట్ లాంటివి గట్టి బరువులతోనే చేసింది. రెండో గుంపు ఇంట్లో తేలికపాటి వ్యాయామాలు చేసింది. మొదటి గుంపుకు నడుము దగ్గర వెన్నెముక సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది, రెండో గుంపుకు 1 శాతం పైగా తగ్గింది. చిన్న డంబెల్సా పెద్ద బరువులా అనే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నేను చూడలేదు.

షుగర్ సంగతి ఒక్క మాట: తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా వెళ్లి చేరేది కండలోకే. మూడు పూటలా అన్నమో ఇడ్లీయో తినే మన ఇళ్లల్లో కండ ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

తిండిలో పెద్ద మార్పులేం అక్కర్లేదు గానీ ప్రొటీన్ మాత్రం చూసుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువున్నా మంచిదే. గుడ్డులో 6 గ్రాములుంటుంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మళ్లీ అన్నంలో పచ్చడి అయితే ఆ 50 ఎక్కడికీ చేరదు. ఇడ్లీ బదులు పెసరట్టు, పప్పు పలచగా కాకుండా గట్టిగా, ఇంత పెరుగు, గుడ్లు, చేప, చికెన్, శనగలు, మీల్ మేకర్, ఇవి చాలు. పౌడర్ల జోలికి వెళ్లకపోయినా నడుస్తుంది, 2024 మార్గదర్శకాల్లో అదే సంస్థ ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది.

మొదలుపెట్టేవాళ్లు ట్రైనర్‌ను స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, రో (బరువును ఒంటివైపు లాగడం), భుజాల ప్రెస్ (భుజాల దగ్గర్నుంచి బరువును తల మీదికి నెట్టడం), ఈ నాలుగూ నేర్పమని అడగండి, వారానికి రెండు మూడు రోజులు చాలు. మొదట్లో బార్ కూడా వద్దు, మామూలు బార్ ఒక్కటే 20 కిలోలుంటుంది. ఒక్క డంబెల్ గుండెల దగ్గర పట్టుకుని స్క్వాట్ చేయడంతో మొదలుపెట్టి, పద్ధతి కుదిరాక బరువు పెంచుకుంటూ పోవాలి. "లేడీస్‌కి ఇది చాలు మేడమ్" అంటే చాలదని చెప్పండి, వినకపోతే వేరే ట్రైనర్‌ను చూసుకోండి. బీపీ ఎక్కువున్నా, హెర్నియా ఉన్నా, ఈమధ్యే డెలివరీ గానీ ఆపరేషన్ గానీ అయినా ముందు డాక్టర్‌ను అడగాలి, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

ఇంట్లో అరవై దాటిన అమ్మో అత్తయ్యో ఉంటే, పింక్ డంబెల్స్ సరిగ్గా పనికొచ్చేది అక్కడే. ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమనండి. అది పదిసార్లు తేలిగ్గా వచ్చాక రెండు కిలోల డంబెల్ గుండెకు ఆనించి పట్టుకుని లేవమనండి, అదీ అలవాటయ్యాక నాలుగు కిలోలది ఇవ్వండి.