పేస్లిప్ పట్టుకెళ్తే పది నిమిషాల్లో తేల్చేశారు (ఐదుకి నాలుగు స్టార్లు)

కూకట్‌పల్లిలో మా వీధి చివర, జిరాక్స్ షాపు పక్కన పీఎఫ్, ఈఎస్‌ఐ పనులు చేసిపెట్టే చిన్న ఆఫీసు ఉంది. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్, చేతికొచ్చే జీతం తగ్గిపోతుందట అని. టీవీ పెడితే ఒకాయన 29 పాత చట్టాలు నాలుగు కోడ్‌లయ్యాయి, ఇది చరిత్ర అంటాడు, ఇంకొకాయన కార్మికుడి గొంతు కోశారంటాడు. కార్మిక సంఘాల్లో సీఐటీయూ, ఏఐటీయూసీ రోడ్డెక్కితే, బీఎంఎస్ ఏమో ఆ నాలుగింటిలో వేతనాల కోడ్ మంచిదే అంది. నా పేస్లిప్ సంగతి మాత్రం ఒక్కరూ చెప్పరు.

అందుకే ఇక్కడికి వెళ్లా. ఉన్నది ఒకే ప్లాస్టిక్ కుర్చీ, నలభై నిమిషాలు నిలబెట్టారు, ఒక స్టారు అక్కడే పోయింది.

నా గ్రాస్, అంటే నెలకి మొత్తం జీతం 40,000, అందులో బేసిక్ 12,000, మిగతాదంతా అలవెన్సులే. ఆఫీసాయన ఎర్ర పెన్నుతో స్పెషల్ అలవెన్సు చుట్టూ సున్నా చుట్టి, "అలవెన్సులు మొత్తంలో సగం దాటకూడదు సార్, దాటిన 8,000 వేతనంలో కలిపేస్తారు, అంటే పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కకి మీ వేతనం 20,000" అన్నారు. పీఎఫ్ ఇన్నాళ్లూ 1,440 కట్ అయ్యేది. కంపెనీ పీఎఫ్‌కి ఉన్న 15,000 వేతన పరిమితి మీదే కడితే 1,800, అంటే నెలకి 360 తేడా. మొత్తం 20,000 మీద కడితే 2,400, అప్పుడు 960 పోతుంది. కంపెనీ వాటా కూడా సీటీసీలోంచే, అంటే మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులోంచే తీస్తుంటే ఆ పోయేది రెట్టింపు, ఈ ముక్క ఏ చానల్లోనూ వినలేదు నేను. కాగితం వెనక్కి తిప్పి, ఉద్యోగం మానేటప్పుడు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ కూడా వేశారు: ఐదేళ్లకి పాత బేసిక్ మీద సుమారు 34,600, కొత్త లెక్కన 57,700. ఇప్పుడు తగ్గేది తర్వాత వస్తుంది, కానీ వచ్చే నెల అద్దె తర్వాత కట్టలేం కదా.

మనుషుల్ని తీసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేని పరిమితి 100 నుంచి 300 మందికి పెంచారు కదా, దాని సంగతేంటి అని అడిగితే నవ్వి, "అది లెక్క కాదు సార్, రాజకీయం" అన్నారు. నాకైతే అసలు భయం అదే.

ఫీజు 300. స్కానర్ లేదు, క్యాష్ తీసుకెళ్లండి.