జీయూఈ ఫండమెంటల్స్: లోతుకు ముందు నిలకడ నేర్పే కోర్సు

మామూలు వినోద డైవింగ్ హద్దులు దాటి చేసే టెక్నికల్ డైవింగ్ అనగానే లోతులూ గుహలూ మునిగిన ఓడలూ గుర్తుకు వస్తాయి గానీ, ఆ దారిలో తొలిమెట్టుగా చాలామంది ఎంచుకునే జీయూఈ ఫండమెంటల్స్ కోర్సులో 18 మీటర్లకు మించి దిగనివ్వరు. ఫ్లోరిడా గుహల్లో సుదీర్ఘంగా డైవ్ చేసిన జారోడ్ జబ్లాన్‌స్కీ తదితరులు 1998లో ప్రారంభించిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ (జీయూఈ) సంస్థ దీనిని నడుపుతోంది. నేను ఈ కోర్సును థాయ్‌లాండ్‌లోని కో తావ్ దీవిలో చేశాను.

ఇక్కడ చేయించే పనులేవీ కొత్తవి కావు. సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను నోటినుంచి తీసి తిరిగి పెట్టుకోవడం, మాస్క్ తీసి తగిలించుకుని అందులోని నీటిని వెళ్లగొట్టడం, గాలి అయిపోయిన తోటి డైవర్‌కు మన రెగ్యులేటర్ అందించడం వంటివి మామూలు కోర్సుల్లోనూ ఉంటాయి. అయితే చాలాచోట్ల వాటిని ఇసుకమీద మోకాళ్లూని చేయిస్తారు. ఇక్కడ బోర్లా తేలుతూ, ఉన్న లోతు మారకుండా చేయాలి. ఉత్తీర్ణతకు రెండు స్థాయిలున్నాయి. రిక్రియేషనల్ (వినోద డైవింగ్) స్థాయిలో ఉత్తీర్ణత పొందాలంటే లోతులో తేడా 1.5 మీటర్లు, ఒంటి వాలు 30 డిగ్రీలు దాటకూడదు. టెక్ (టెక్నికల్) స్థాయికి అవి 1 మీటరు, 20 డిగ్రీలు. సైకిల్ తొక్కుతూ చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఈ కొలతలు చాదస్తంగా కనిపించవచ్చు. కానీ డికంప్రెషన్ కోసం, అంటే లోతులో శరీరంలో కరిగిన వాయువు మెల్లగా బయటికి పోయేందుకు, 6 మీటర్ల వద్ద ఆగి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చే డైవర్ ఆ లోతు దాటి కిందికి జారితే ఆక్సిజన్ విషమై మూర్ఛ రావచ్చు; ఆ వాయువు ఇంకా బయటికి పోకముందే పైకి తేలిపోతే అది ఒంట్లో బుడగలై డికంప్రెషన్ సిక్‌నెస్ రావచ్చు. మాస్క్‌లోకి నీరు చేరినంతమాత్రాన రెండు మీటర్లు అటూ ఇటూ అయ్యే మనిషిని అక్కడికి తీసుకెళ్లడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది. కాళ్లు ఆడించే తీరుపై పట్టుబట్టడం వెనుకా ఇలాంటి కారణమే ఉంది: కప్పలా తన్నకుండా పైకీ కిందికీ ఆడిస్తే అడుగునున్న బురద లేచి, గుహలోగానీ ఓడలోగానీ దారి కనిపించకుండా పోతుంది.

బోధనలో నాకు అన్నిటికంటే నచ్చింది వీడియో. నీటిలో మనం చదునుగానే ఉన్నామనిపిస్తుంది. సాయంత్రం తెరమీద చూస్తే మోకాళ్లు వేలాడుతూ ఉంటాయి. శిక్షకుడు చెబితే వాదించవచ్చు, తెరతో వాదించలేం. నీటిలో ఒక శిక్షకుడికి నలుగురికి మించి విద్యార్థులు ఉండకూడదన్నది నియమం. శిక్షకులను సైతం కొన్నేళ్లకొకసారి తిరిగి పరీక్షిస్తారు. డబ్బు కట్టినందుకు కార్డు రాదు: ప్రమాణం అందుకోనివారికి తాత్కాలిక ఫలితమిచ్చి, సాధన చేసుకుని ఆరు నెలల్లోగా రమ్మంటారు, లేదా తప్పినట్లే చెబుతారు.

లోపాలూ ఉన్నాయి. కండరాలకు అలవాటు కావడానికి వారాలు పట్టే విద్యను కొద్ది రోజుల్లో కుదించడం వల్ల, బ్యాక్‌ప్లేట్‌నూ (సిలిండర్‌ను బిగించే వీపు పలక) వింగ్‌నూ (తేలేందుకు గాలి నింపే సంచి) రెండు మీటర్లు దాటిన పొడవాటి రెగ్యులేటర్ గొట్టాన్నీ తొలిసారి అక్కడే తొడుక్కునేవారి సమయమంతా సామగ్రితో కుస్తీకే సరిపోతుంది. పరికరాల అమరికలో ఎవరి ఇష్టానికీ తావు లేదు. సిలిండర్లను ఒంటి పక్కల తగిలించుకునే సైడ్‌మౌంట్‌కు అలవాటుపడినవారికి ఇది చికాకే. పొగతాగేవారిని అసలు చేర్చుకోరు, అందులో నాకు అభ్యంతరం లేదు. పేరు విని డికంప్రెషన్ డైవింగ్ నేర్పుతారని ఆశించకూడదు. అది 51 మీటర్ల వరకు అనుమతించే టెక్ 1 అనే పై కోర్సులో ఉంటుంది.

విశాఖ రుషికొండలోనో అండమాన్‌లోనో తొలి సర్టిఫికెట్ తీసుకున్నవారు వెంటనే దీనికి పరుగెత్తనక్కర లేదు. ముందుగా ఈ తరహా సామగ్రిని అద్దెకు తీసుకుని, నీటిలో కదలకుండా బోర్లా తేలడం కొంతైనా సాధన చేసి వెళితే కట్టిన రుసుముకు తగిన ఫలితం దక్కుతుంది. ట్విన్‌సెట్‌తోనే (వీపున జంట సిలిండర్లు) మొదలుపెట్టాలన్న తొందర కూడా అవసరం లేదు. ఒక్క సిలిండర్‌తో రిక్రియేషనల్ స్థాయి పూర్తిచేసినవారు తర్వాత ట్విన్‌సెట్‌తో టెక్ స్థాయికి మళ్లీ పరీక్షకు రావచ్చు.